పాస్ అక్కర్లేదన్నారు, మరి వాటా? ద్వీపాల చిన్న వేటకు లైసెన్సు చిక్కు

2025 నవంబర్ 4న కేంద్ర ప్రభుత్వం సముద్ర వేటకు కొత్త నిబంధనలు తెచ్చింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళు దాటాక 200 మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక జలాల్లో, పత్రికల భాషలో చెప్పాలంటే ఈఈజెడ్‌లో, వేటాడాలంటే మరబోట్లకూ పెద్ద సైజు ఇంజిన్ పడవలకూ ఇకనుంచి 'యాక్సెస్ పాస్' ఉండాలి. రియల్‌క్రాఫ్ట్ అనే పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకుంటే డబ్బు తీసుకోకుండానే ఇస్తారు. తెడ్డు పడవలకూ, చిన్న ఇంజిన్ బిగించుకున్న సంప్రదాయ పడవలకూ ఆ పాస్ అక్కర్లేదు. దేశంలో రిజిస్టరైన సుమారు 2.38 లక్షల పడవల్లో పాస్ తీసుకోవాల్సినవి 64 వేల చిల్లరే. విదేశీ ఓడలకు ప్రవేశం లేదు. ఎల్‌ఈడీ లైట్లు వెలిగించి పట్టడం, రెండు బోట్లు కలిసి ఒకే వల లాగడం లాంటివి నిషేధం. లోతు సముద్రం వేటలో మత్స్యకార సహకార సంఘాలకు ముందు పీట వేస్తామన్నారు.

ఈ నిబంధనల్లో ప్రభుత్వం కన్ను ముఖ్యంగా అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌ల మీద ఉంది. భారత ఈఈజెడ్‌లో 49 శాతం ఈ రెండు ద్వీపసమూహాల చుట్టూ ఉన్న నీళ్ళే. జనం సంగతి చూస్తే, 2011 లెక్కల ప్రకారం రెండు చోట్లా కలిపి నాలుగున్నర లక్షలు కూడా లేరు. ఒక్క విశాఖ నగరంలోనే అంతకు దాదాపు నాలుగింతల మంది ఉన్నారు. గుప్పెడు మంది ముంగిట్లో దేశపు సముద్రంలో సగం ఉందన్నమాట. అందులో మీకింత అని ఆ గుప్పెడు మందికి రాసిచ్చిన వాటా మాత్రం లేదు.

'నీకు పాస్ అక్కర్లేదు' అంటే వేటకు వెళ్తే ఎవరూ ఆపరని అర్థం, అంతవరకే. పక్కనే పాస్ ఉన్న పెద్ద బోటు వచ్చి అదే చేపల గుంపును ఊడ్చుకుపోతే చిన్న పడవవాడు ఏ కాగితం చూపించి అడగాలి? మినహాయింపు దొరికినవాడు లెక్కలోకి రాడు. లెక్కలోకి రానివాడికి రేపు వాటాలు పంచేటప్పుడు పేరు ఉండదు. ద్వీపాల చిన్న వేటకు లైసెన్సుల వ్యవహారమంతా ఈ మెలిక చుట్టూనే తిరుగుతోంది.

మన తీరంలో ఉండేవాళ్ళకు ఈ కాగితం విలువ బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలకూ ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలైంది. అది చేతికి రావాలంటే పడవ రిజిస్టరై ఉండాలి, ఆ పడవ మీద కళాసీగా పేరు నమోదై ఉండాలి. లైసెన్సు పేరుకి వేటకు అనుమతే గానీ, ఆచరణలో అది రేషన్ కార్డు లాంటిది. పేరు ఎక్కినవాడికి పథకం తలుపు తెరుచుకుంటుంది. పేరు లేనివాడు ఎంత నిఖార్సైన గంగపుత్రుడైనా ఆఫీసు మెట్ల దగ్గరే ఆగిపోతాడు.

గీతకు అటూ ఇటూ ఒకరే

మన రాజ్యాంగం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ లోపు చేపల వేట రాష్ట్రాల చేతిలో ఉంటుంది. ఆ బయట కేంద్రానిది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కేరళల్లో ఈ గీత వల్ల తగువులు చాలానే ఉన్నా, చిన్న మత్స్యకారుడికి ఒక వెసులుబాటు ఉంది. కేంద్రం నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర ప్రభుత్వం మీద ఒత్తిడి పెట్టొచ్చు. తీరం నియోజకవర్గాల ఎమ్మెల్యేలు ఉంటారు, మంత్రులు ఉంటారు, ఓట్లు ఉంటాయి.

ద్వీపాలకు ఆ వెసులుబాటు లేదు. అండమాన్ నికోబార్, లక్షద్వీప్ రెండూ అసెంబ్లీ లేని కేంద్రపాలిత ప్రాంతాలు. చెరో ఎంపీ. గీతకు లోపలా బయటా రెండు వైపులా కేంద్రమే, మధ్యలో దాని తరఫున నియమితులైన పాలకుడు. లోపలి నీళ్ళకు అండమాన్‌లో 2003 నాటి సముద్ర వేట రెగ్యులేషన్, లక్షద్వీప్‌లో 2000 నాటిది ఉన్నాయి. కానీ వాటి అమలులో స్థానికుల మాట ఎంత చెల్లుతుందనేది ఆ రోజు కుర్చీలో ఉన్న అధికారి మీద ఆధారపడి ఉంటుంది. 2021లో లక్షద్వీప్‌లో ఒక వింత జరిగింది. నిఘా సమాచారం సేకరించడానికి స్థానిక చేపల పడవల మీద ప్రభుత్వ ఉద్యోగులను ఎక్కిస్తామని ఒక ఉత్తర్వు వచ్చింది. జనం మండిపడ్డాక వెనక్కి తీసుకున్నారు. అదే సంవత్సరం ఒడ్డున వలలూ సామాన్లూ దాచుకునే మత్స్యకారుల పాకలను నిబంధనలకు విరుద్ధమని కూల్చారు. లైసెన్సు గురించి మాట్లాడేటప్పుడు ఈ పాకలను మరిచిపోకూడదు. పడవ తిరిగే నీళ్ళ మీద హక్కు ఎంత ముఖ్యమో, దాన్ని లాగి పెట్టుకునే ఇసుక మీద హక్కు కూడా అంతే ముఖ్యం.

కేంద్రం మాట మీద మత్స్యకారులకు అనుమానం ఊరికే రాలేదు. 1991లో లోతు సముద్రం వేట విధానం పేరుతో విదేశీ కంపెనీల భాగస్వామ్యంతో నడిచే ఓడలకు లైసెన్సులు ఇచ్చారు. థామస్ కొచ్చేరి లాంటి నాయకుల ఆధ్వర్యంలో జాతీయ మత్స్యకారుల వేదిక దేశమంతా సమ్మెలు చేసింది. మురారి కమిటీ వేశారు, ఆ లైసెన్సులు రద్దు చేయాలని అది 1996లో చెప్పింది. తర్వాత పెద్ద ఓడలకే 'లెటర్ ఆఫ్ పర్మిట్' అని మరో దారి తెరిచారు. 2014లో లోతు సముద్రం వేట విధానం మీద మీనాకుమారి కమిటీ ఇచ్చిన నివేదికతో మళ్ళీ గొడవ రేగింది. చివరికి 2017లో ఆ పర్మిట్ల పథకాన్నీ ఎత్తేశారు. పాతికేళ్ళ ఈ చరిత్రలో పెద్ద ఓడలకు ఇచ్చిన కాగితాన్ని రద్దు చేయించడానికే మత్స్యకారుల శక్తంతా అయిపోయింది. తమకంటూ ఒక కాగితం రాయించుకునేదాకా కథ వెళ్ళలేదు.

మినికాయ్ గాలం

లక్షద్వీప్‌లో పది ద్వీపాల్లోనే జనం ఉంటారు. నేల మొత్తం 32 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఈఈజెడ్ 4 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇక్కడి బతుకంతా సూర చేప, అంటే ట్యూనా. అందులోనూ స్కిప్‌జాక్. దాన్ని పట్టే పద్ధతి మన కోస్తాలో కనిపించదు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

పొద్దున్నే పడవ నేరుగా సముద్రంలోకి పోదు. ముందు దీవి చుట్టూ పగడపు దిబ్బల మధ్య నిలిచే లోతు తక్కువ నీళ్ళలోకి, లగూన్‌లోకి వెళ్తుంది. అక్కడ చిన్న కంతల వలతో వేలెడంత చిరుచేపలను ప్రాణంతో పడతారు. పడవలోనే ఒక తొట్టి ఉంటుంది, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి సముద్రపు నీరు వచ్చిపోతూ ఆ చిరుచేపలను బతికిస్తుంది. అప్పుడు బయటికి బయల్దేరతారు. పక్షుల గుంపును బట్టి సూర ఎక్కడుందో పసిగట్టి, అక్కడ ఆ చిరుచేపలను గుప్పెళ్ళతో విసురుతారు, నీళ్ళు చిమ్ముతారు. సముద్రం ఉడుకుతున్నట్టు అవుతుంది. వెనక వరసగా నిలబడ్డవాళ్ళు పొడవాటి కర్రకు కట్టిన ముల్లు లేని గాలంతో ఒక్కో చేపనూ లాగి వెనక్కి విసిరేస్తారు. ముల్లు లేదు కాబట్టి చేప దానంతటదే ఊడి పడవలో పడుతుంది, గాలం వెంటనే మళ్ళీ నీళ్ళలోకి. గుంపు కాసేపే నిలుస్తుంది. ఆ కాసేపట్లో దొరికిందే ఆ రోజు సంపాదన.

ఈ పద్ధతి మినికాయ్‌లో తరతరాలుగా ఉంది. మినికాయ్ వాళ్ళ భాష, అలవాట్లు పక్కనున్న మాల్దీవులకు దగ్గర. మిగతా ద్వీపాలకు ఇది 1960లలో ఇంజిన్ పడవలతో పాటు పాకింది. తాబేళ్ళు, డాల్ఫిన్లు, పిల్ల చేపలు దీంట్లో దాదాపు పడవు. ఒక్కో చేపా ఒక్కో మనిషి చేతి మీదుగా వస్తుంది కాబట్టి పట్టుబడికి సహజంగానే ఒక హద్దు ఉంటుంది.

ఇప్పుడు లైసెన్సు దగ్గరకు వద్దాం. ఈ వేటను కాపాడాలంటే పడవకు అనుమతి ఇస్తే సరిపోతుందా? చిరుచేప లేకపోతే ఆ పడవ ఒడ్డున ఉన్నట్టే. చిరుచేప పగడపు దిబ్బల మీద ఆధారపడి ఉంది. లక్షద్వీప్ పగడాలు 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో వేడి నీళ్ళకు తెల్లబారిపోయాయి. అది చాలదన్నట్టు లగూన్లలో నీటి మీద విల్లాలు కట్టే టూరిజం ప్రతిపాదనలు. పాలకుల మ్యాపులో లగూన్ ఖాళీ నీలిరంగు జాగాగా కనిపిస్తుంది. మత్స్యకారుడికి అది నారుమడి. నారుమడిని వేరేవాళ్ళకు ఇచ్చి పొలం పట్టా రైతు చేతిలో పెడితే ఎలా ఉంటుందో, లగూన్ లేకుండా వేట లైసెన్సు ఇవ్వడం అలా ఉంటుంది. ఈ మాట కొత్త నిబంధనల్లో లేదు, ఉండే అవకాశమూ లేదు. అవి 12 మైళ్ళ బయటి సముద్రం గురించి రాసినవి కదా.

మాల్దీవులు ఈ చిక్కును మరో వైపు నుంచి విప్పాయి. అక్కడ వలతో ట్యూనా పట్టడమే నిషేధం. గాలం వేటను దేశ విధానంగా పెట్టుకున్నారు, 2012లో ఆ స్కిప్‌జాక్‌కు, చేపల నిల్వ తరిగిపోకుండా పట్టారని చెప్పే ఎంఎస్‌సీ అనే అంతర్జాతీయ ముద్ర కూడా దక్కింది. ద్వీపవాసికి వాటా ఇంత అని విడిగా రాయకపోయినా, పరికరాన్ని కట్టడి చేయడంతో పని జరిగిపోయింది. వల ఓడ రాలేని చోట గాలం పడవే రాజు. ఆ పద్ధతికే పుట్టిల్లు లాంటి మినికాయ్ చేప మాత్రం అలాంటి ముద్ర లేకుండానే చాలాకాలం మార్కెట్‌కు పోయింది.

మార్కెట్ అంటే ప్రధానంగా మాస్మీన్. సూర ముక్కలను ఉడకబెట్టి, పొగబెట్టి, ఎండబెట్టి కట్టెలా చేస్తారు. ఎన్ని నెలలైనా నిలవుంటుంది. ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళ చేతుల మీదుగా జరిగే పని ఇది. సరకు పడవల మీద కేరళ, కర్ణాటక, తమిళనాడు ఓడరేవులకు వెళ్ళి అక్కణ్ణుంచి శ్రీలంక దాకా పోతుంది. ధర చెప్పేది అవతలి ఒడ్డున ఉన్న సావుకారే. తాజా చేప అమ్ముకుంటే ఎక్కువ వస్తుందని అందరికీ తెలుసు. కానీ ఐస్ ఉండాలి, ఐస్‌కి కరెంటు, మంచినీళ్ళు ఉండాలి, ఓడ టైముకు రావాలి. మినికాయ్‌లో 1969లో పెట్టిన ట్యూనా డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. ఒక్క ఫ్యాక్టరీ పది దీవుల చేపను మింగలేదు. లక్షద్వీప్‌లో ఏటా లక్ష టన్నులు పట్టే వీలున్నా పట్టేది 15 వేల టన్నులేనని ప్రభుత్వం తరచూ చెబుతుంటుంది. ఈ తేడాను మత్స్యకారుడి వెనకబాటుగా చూపించడం ఒక అలవాటైంది. పట్టినదాన్ని ఎక్కడ పెట్టాలో, ఎవరికి అమ్మాలో తెలియనప్పుడు తక్కువ పట్టడమే తెలివి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లక్షద్వీప్ నీళ్ళలోకి వచ్చి వేటాడే బయటి పడవలన్నీ కార్పొరేట్ ఓడలేం కావు. కన్యాకుమారి జిల్లా తూత్తూరు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు నెలల తరబడి నడిసముద్రంలో ఉండి సొర, సూర పట్టడంలో దేశంలోనే పేరున్నవాళ్ళు. వాళ్ళూ కష్టజీవులే, వాళ్ళ పడవలూ అప్పుల మీద నడిచేవే. ద్వీపవాసికీ వాళ్ళకూ మధ్య తగువు వచ్చినప్పుడు 'సంప్రదాయ మత్స్యకారుడు' అన్న మాట ఎవరి పక్షాన నిలబడాలి? మినహాయింపు ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. వాటా అయితే చెబుతుంది.

అండమాన్‌లో మనవాళ్ళు

పోర్ట్ బ్లెయిర్‌లో, ఇప్పుడు అధికారికంగా శ్రీ విజయపురం, జంగ్లీఘాట్ రేవు దగ్గర తెలుగు వినబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్ళి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. 1950ల నుంచి ప్రభుత్వమే ఆంధ్ర, కేరళల నుంచి కొందరిని తీసుకెళ్ళి కుదిర్చింది, తర్వాత బంధువుల వెంట బంధువులు వెళ్ళారు. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం తీరం సంగతి తెలిసినవాళ్ళకు ఈ వలస ఆశ్చర్యం కలిగించదు. అక్కడి కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్‌కూ చెన్నైకీ పోయినట్టే 1,200 కిలోమీటర్ల అవతలి అండమాన్‌కూ పోయారు. తేడా ఏంటంటే వెరావల్ పోయినవాడు సీజన్ అయ్యాక ఇంటికొస్తాడు, అండమాన్ పోయినవాడు ఆ ఊరివాడే అయిపోయాడు.

అయిపోయాడా? లైసెన్సు విషయంలో అసలు ముడి ఇక్కడే పడుతుంది. లక్షద్వీప్‌లో ద్వీపవాసి ఎవరనేదానికి చట్టం దగ్గర జవాబుంది. తానూ, తల్లీ తండ్రీ అక్కడే పుట్టినవాళ్ళను షెడ్యూల్డ్ తెగగా గుర్తించారు. జనాభాలో నూటికి 94 మందికి పైగా ఆ లెక్కలోకి వస్తారు. అండమాన్ నికోబార్ అలా కాదు. నికోబార్ దీవుల్లో 1956 నాటి ఆదివాసీ రక్షణ రెగ్యులేషన్ కింద బయటివాళ్ళు పర్మిట్ లేకుండా అడుగుపెట్టకూడదు. అక్కడ నికోబారీలు, పక్కన తేలే కర్ర కట్టిన హోడి అనే పడవలతో ఇంటి అవసరానికి వేటాడతారు. ఉత్తరాన మాయాబందర్ వైపు 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ తెగవాళ్ళు ఉన్నారు, సముద్రం పనిలో దిట్టలు. ఇక తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు, మలయాళీలు. వీళ్ళలో ఎవరిది 'స్థానిక చిన్న వేట'? మూడో తరం తెలుగు మత్స్యకారుడు నికోబారీ దృష్టిలో బయటివాడు. నిన్న తమిళనాడు నుంచి వచ్చిన పెద్ద బోటు ముందు అతనే స్థానికుడు. రెండూ నిజమే. లైసెన్సు రాసేవాళ్ళు ఈ రెండు నిజాలనూ ఒకే కాగితంలో పట్టించాలి.

అండమాన్ చుట్టూ ఈఈజెడ్ దాదాపు 6 లక్షల చదరపు కిలోమీటర్లు. అక్కడ ఏటా 1.48 లక్షల టన్నుల చేప పట్టొచ్చనీ, అందులో 60 వేల టన్నులు సూరేననీ ప్రభుత్వ అంచనా. పెట్టుబడిదారుల సదస్సుల్లో వినిపించేది ఈ అంకెలే. రేవులోని డింగీలనే చిన్న పడవలు మాత్రం తీరం దగ్గర దిబ్బల చుట్టూ తిరిగి రోజుకు రోజు అమ్ముకుంటాయి. చిన్న పడవకు లోతు సముద్రం చేతకాదని దీనర్థం కాదు. మన అనకాపల్లి జిల్లా పూడిమడక వాళ్ళు చిన్న ఇంజిన్ పడవల మీదే గాలాలతో నడిసముద్రానికి పోయి ఎల్లోఫిన్ సూరను తెస్తారు. వాళ్ళ చేపను కొనేవాడు, ఐస్ ఇచ్చేవాడు, లారీ ఎక్కించేవాడు ఒడ్డునే ఉన్నారు. జంగ్లీఘాట్ నుంచి చేప బయటికి వెళ్ళాలంటే విమానమో ఓడో కావాలి, ఆ కిరాయి ముందు చేప ధర చిన్నబోతుంది.

తల్లి ఓడ ఎవరిది?

కొత్త నిబంధనల్లో దీనికి చూపిన మందు 'తల్లి ఓడ, పిల్ల పడవలు'. పెద్ద ఓడ నడిసముద్రంలో ఉంటుంది. చిన్న పడవలు పట్టినదాన్ని అక్కడికే తెచ్చి ఇచ్చేస్తాయి, డీజిల్ పోసుకుని మళ్ళీ వేటకు పోతాయి. చేప పాడవదు, ఒడ్డుకూ సముద్రానికీ తిరిగే ఖర్చు తగ్గుతుంది. కాగితం మీద చూస్తే ద్వీపాలకు కుట్టించినట్టు సరిపోయే ఏర్పాటే.

తల్లి ఓడ సహకార సంఘానిదైతే నిజంగా అంతే. ప్రైవేటు కంపెనీదైతే, మంగుళూరులో కూర్చున్న సావుకారు నడిసముద్రానికి వచ్చి కూర్చున్నట్టు. తూకం వాడిదే, ధర వాడిదే, నచ్చకపోతే ఇంకొకరికి అమ్ముకుందామంటే చుట్టూ నీళ్ళే. పైగా చేప దీవికి రాకుండానే పోతే పొగపెట్టే ఆడవాళ్ళకు పని ఉండదు, బుట్టలో పెట్టుకుని అమ్మే ఆడవాళ్ళకు సరకు ఉండదు. మగవాడి పట్టుబడి పెరిగి ఇంటి రాబడి తగ్గే విచిత్రం జరగొచ్చు.

సంఘం ఓడ కొనగలదా అంటే లెక్క వేసి చూద్దాం. 2020లో మొదలైన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజనలో లోతు సముద్రపు పడవ ధరను 1.2 కోట్లుగా లెక్కగట్టారు. ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ, మిగతావాళ్ళకు 40 శాతం. లక్షద్వీప్‌లో ఎస్టీ మత్స్యకారుడికి 72 లక్షలు సబ్సిడీ పోగా 48 లక్షలు కావాలి. అండమాన్‌లో జనరల్ కోటాలో ఉన్న తెలుగు మత్స్యకారుడికి సరిగ్గా తిరగబడుతుంది: సబ్సిడీ 48 లక్షలు, చేతినుంచి 72 లక్షలు. ఇది ఒక్క పిల్ల పడవ సంగతి. తల్లి ఓడ ధర దీనికి అందదు. ద్వీపంలో బ్యాంకుకు తాకట్టు పెట్టడానికి ఏముంటుంది? లక్షద్వీప్‌లో నేల బయటివాళ్ళకు అమ్మడానికి వీల్లేదు, అది మంచి రక్షణే, కానీ అదే కారణంగా బ్యాంకుకు ఆ నేల మీద ఆసక్తి తక్కువ. లైసెన్సుకే విలువ ఉంటే, అంటే 'ఈ సంఘానికి ఏటా ఇన్ని టన్నుల సూర' అని రాసి ఉంటే, దాన్ని చూపించి అప్పు తెచ్చుకోవచ్చు. మినహాయింపును చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదు.

ఊరికి లైసెన్సు

అలస్కాలో సరిగ్గా ఈ పనే చేశారు. బేరింగ్ సముద్రంలో పొలాక్ చేపను పెద్ద ఫ్యాక్టరీ ఓడలు పట్టుకుపోతుంటే తీరం ఊళ్ళు చూస్తూ ఉండేవి. 1992లో ఆ పట్టుబడిలో 7.5 శాతాన్ని పశ్చిమ తీరం ఊళ్ళకు కేటాయించారు, తర్వాత 10 శాతం చేశారు. ఇప్పుడు 65 ఊళ్ళు ఆరు సంఘాలుగా ఆ వాటాను నడుపుతున్నాయి. వాటాను పెద్ద ఓడలకు కౌలుకిచ్చి, ఆ డబ్బుతో సొంత పడవలు, రేవులు కట్టుకున్న ఊళ్ళున్నాయి. సెయింట్ పాల్ అనే ఒక్క దీవికి ఒక సంఘం పూర్తిగా ఉంది. అలాగని అన్నీ బాగుపడలేదు. 2022లో మంచు పీతలు కనుమరుగై సీజన్ మొత్తం రద్దైనప్పుడు ఆ దీవి ఆదాయం కుప్పకూలింది. వాటా రాసుకుంటే చేప పుట్టదు. పుట్టిన చేపలో మాత్రం భాగం దక్కుతుంది.

జపాన్ ఇంకా ముందే, 1949 చట్టంతో, తీరం దగ్గరి వేట హక్కును ఊరి సహకార సంఘం చేతిలో పెట్టింది. ఎవరు ఏ దిబ్బ దగ్గర ఎప్పుడు పట్టాలో సంఘం తేలుస్తుంది. 2018లో ఆ చట్టాన్ని సడలించి కంపెనీలకు కొంత దారి ఇచ్చినప్పుడు అక్కడా పెద్ద చర్చే నడిచింది.

ఐర్లండ్ ద్వీపాల కథ మనకు హెచ్చరికలా ఉంటుంది. యూరప్ నిబంధనల ప్రకారం దేశం మొత్తం పడవల సామర్థ్యానికి ఒక పరిమితి ఉంది. కొత్త పడవకు లైసెన్సు కావాలంటే ఎవరో ఒకరి పాత సామర్థ్యాన్ని, టన్నులూ కిలోవాట్ల లెక్కన, కొనుక్కోవాలి. అంటే లైసెన్సు మార్కెట్ సరకైంది. డబ్బు అవసరమై దీవిలో ఒకరు అమ్ముకుంటే అది మెయిన్‌ల్యాండ్‌కు వెళ్ళిపోతుంది, కొనుక్కుని వెనక్కి తెచ్చే స్తోమత దీవిలోని కుర్రాడికి ఉండదు. దీనికి తోడు 2007 నుంచి సముద్రంలో కొట్టుకుపోయే వలలతో సాల్మన్ పట్టడాన్ని నిషేధించారు. సాల్మన్ తగ్గిపోతున్న మాట వాస్తవమే. పరిహారమూ ఇచ్చారు. కానీ ద్వీపాల్లో వేసవి బతుకు దాని మీదే ఉండేది. 2014లో పార్లమెంటు ఉపసంఘం ద్వీపవాసులకు ప్రత్యేకంగా 'వారసత్వ లైసెన్సు' ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2017లో దానికి బిల్లు కూడా పెట్టారు. ఆ పార్లమెంటు గడువు ముగిసేలోగా అది చట్టం కాలేదు. పోయిన హక్కును తిరిగి రాయించుకోవడం ఎంత కష్టమో ఆ దీవులవాళ్ళను అడగాలి.

మన ద్వీపాలకు అంత దూరం ఇంకా రాలేదు. లైసెన్సు అమ్ముడుపోయే సరకు కాలేదు, వాటాలు ఇంకా పంచలేదు. అయితే పంపకం రోజు వస్తోంది. హిందూ మహాసముద్రంలో ట్యూనా వ్యవహారాలు చూసే అంతర్జాతీయ కమిషన్ ఎల్లోఫిన్‌ను అతిగా పట్టేస్తున్నారని 2015లో తేల్చి, 2016లో కోతల ప్రణాళిక పెట్టింది. ఏ దేశానికి ఎంత వాటా అనే బేరం ఏళ్ళుగా నడుస్తోంది. ఇలాంటి బేరాల్లో గతంలో ఎంత పట్టారన్న రికార్డుకు పెద్ద విలువ. పాస్ ఉన్న బోటు పట్టుబడి పోర్టల్‌లో నమోదవుతుంది, ఎగుమతికి కావాల్సిన సర్టిఫికెట్ల దారి కూడా అదే పోర్టల్‌కు కలిపారు. పాస్ అక్కర్లేని మినికాయ్ పడవ ఈ ఏడాది ఎన్ని టన్నులు పట్టిందో ఎక్కడ రాస్తారు? దేశానికి వచ్చే వాటాను లోపల పంచుకునే రోజున ఎవరి పుస్తకం తెరుస్తారు?

దీనికి భారీ చట్టాలేం అక్కర్లేదు. పాస్ బలవంతంగా రుద్దకుండానే, కావాలనుకున్న చిన్న పడవలు దీవి సంఘం పేరు మీద ఒకే నమోదులో చేరి పట్టుబడి రాయించుకోవచ్చు. పడవ ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌పాండర్లు లక్ష పడవలకు ఉచితంగా ఇచ్చే పథకం నడుస్తోంది. అవి ప్రాణ రక్షణకే కాక వేట చరిత్రకు సాక్ష్యంగానూ పనికొస్తాయి. ఆ సాక్ష్యం పోలీసు నిఘాకు పోదని భరోసా ఇవ్వాలి, 2021 నాటి ఉత్తర్వు జనానికి ఇంకా గుర్తుంది. దీవుల చుట్టూ కొంత దూరం దాకా గాలం వేటకే కేటాయిస్తే తూత్తూరు తగువు కూడా సగం తీరుతుంది. ఎందుకంటే అప్పుడు గొడవ మనుషుల మధ్య కాకుండా పరికరాల మధ్య ఉంటుంది, తూత్తూరువాడికీ గాలం వేయడం చేతనవును.

అండమాన్‌లో మాత్రం ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది వేరు. నికోబారీల నీళ్ళు ఎక్కడిదాకా, జంగ్లీఘాట్ డింగీల నీళ్ళు ఎక్కడ మొదలు అన్నది ఢిల్లీలో గీసే గీత కాదు. చేపల జాతులవారీగా యాజమాన్య ప్రణాళికలు సంబంధితులందరితో మాట్లాడాకే తయారు చేస్తామని కొత్త నిబంధనలు చెబుతున్నాయి. అలా పిలిచే మీటింగుకు రేవులో చేప అమ్మే ఆడవాళ్ళకు కబురు తెలుగులోనూ వెళ్ళాలి, నికోబారీలోనూ వెళ్ళాలి. మీటింగు వేట సీజన్‌లో పెట్టకూడదు.